గాలియం కాలపు మేడమ్

మేడమ్ పోయారని స్కాన్ సెంటర్ టెక్నీషియన్ ఫోన్ చేసేసరికి నేను చైతన్యపురి మెట్రో మెట్లు దిగుతున్నాను. పొద్దున పూట కోచింగ్ పిల్లల గుంపు, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. ఆ రొదలో అతని గొంతు సగమే వినపడింది. "అక్కా, మన పెద్ద మేడమ్ ఇగ లేరు. రాత్రి నిద్రలనే పోయిండ్రట," అన్నాడు. నేను రెయిలింగ్ పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో పిల్ల "మేడమ్, జర పక్కకు జరుగుండ్రి" అంది. జరిగాను. తర్వాత క్లాసుకు ఎలా వెళ్లానో, ఏం చెప్పానో గుర్తు లేదు. ఆకుల గురించి చెప్పానని పిల్లలు ఆ తర్వాత అన్నారు.

సాయంత్రం అమ్మా నేనూ సైదాబాద్‌లో వాళ్లింటికి వెళ్లాం. అద్దాల పెట్టెలో మేడమ్ ఎప్పటిలాగే నేత చీరలో పడుకుని ఉన్నారు. కళ్లజోడు తీసేసిన ముఖం మాత్రం నాకు కొత్త. అమ్మ ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, "గీ మనిషిని తిట్టిన తిట్లు నేను పగోళ్లను గూడ తిట్టలే బిడ్డా," అంది. నిజమే. మా ఇంట్లో కొన్నాళ్లపాటు మేడమ్ మాటెత్తితే వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేవి. అంతగా తిట్లు తిన్న ఆ పని ఆవిడ చేయకపోయి ఉంటే, ఇవాళ ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదు.

మీలో చాలామందికి ఆవిడ తెలిసే అవకాశం లేదు. ఆవిడ మందులు రాసే డాక్టరు కాదు, కోసి కుట్టే డాక్టరూ కాదు. ఎల్బీ నగర్‌లో ఒక స్కాన్ సెంటర్ అడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని, మనుషుల లోపలి వెలుగుల్ని చూసి చెప్పే డాక్టరు. న్యూక్లియర్ మెడిసిన్ అంటారు. వెలిగే అణువు తగిలించిన మందును ఒంట్లోకి ఎక్కించి, అది ఎక్కడెక్కడ ఆగిందో ఫొటో తీస్తారు. ఆ మందును వాళ్ల భాషలో ట్రేసర్ అంటారు. జాడ చెప్పేది అన్నమాట.

ఆ గదికి నేను పేషెంటుగా వెళ్లాను. అప్పటికి బొటనీ లెక్చరర్‌గా చేరి ఎంతో కాలం కాలేదు. మెడ పక్కన రేగుపండంత గడ్డ లేచింది. సుద్దముక్క దుమ్ముకు గొంతు వాచిందనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించాను. గడ్డ ఉప్పునీళ్లకు లొంగలేదు. చివరికి ముక్క తీసి పరీక్షకు పంపితే లింఫోమా అన్నారు. లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్. "భయపడకండి, నయమయ్యే రకమే. ముందు ఎంతవరకు పాకిందో చూద్దాం," అన్నారు క్యాన్సర్ డాక్టరు గారు. అలా వెళ్లాం.

ముందు రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దన్నారు. నాకు ఆకలేస్తే కోపం ముందొస్తుంది. మందు బండి దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుందని కూర్చోబెట్టారు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు. గేటు దగ్గర ఒక పెద్దావిడ పాలవాడి కోసం చూసినట్టు రోడ్డు వంక చూస్తూ నిలబడి ఉంది. పోయి కయ్యం పెట్టుకున్నాను. "ఎంతసేపండీ ఇది? మీరు తిని కూసున్నరు, మాకు కండ్లు తిరుగుతున్నయ్."

"నేనూ తినలేదమ్మా," అందావిడ. గొంతు గుంటూరు వైపుది, మెత్తగా ఉంది. "ఆ మందు బయలుదేరినప్పటినుంచే కరిగిపోతూ ఉంటుంది. రెండు గంటలు తిరక్కుండా సగం అయిపోతుంది. ఈ ట్రాఫిక్‌లో మిగిలిందే మనకి."

తినలేదన్నది నా నోరు మూయించడానికి చెప్పిన అబద్ధం అనుకున్నాను. కాదట. ఆవిడే మేడమ్. ఉపవాసంతో వచ్చిన చివరి పేషెంటు స్కాన్ అయి, బయటికెళ్లి ఏదో ఒకటి తినేదాకా ఆవిడ టీ చుక్క కూడా ముట్టదని తర్వాత టెక్నీషియన్ చెప్పాడు. "మేమంత చెప్పినం అక్కా, షుగర్ డౌన్ అయితది మేడమ్ అని. ఇనదు," అన్నాడు. ఆ పద్ధతి ఎందుకు పెట్టుకున్నారని ఒకసారి అడిగితే, "ఆకలితో ఉన్నవాళ్ల బొమ్మ నిండు కడుపుతో చూస్తే కునుకొస్తుందే," అని నవ్వేశారు.

సూది వేశాక ఒక గంట కదలకుండా పడుకోవాలి. మసక దీపం, సీసం తాపడం చేసిన గోడలు, ఒక వాలుకుర్చీ. బయటి ప్రపంచం ఏదీ వినపడదు. ఆ మందు నాలో ఏ దారిన వెళుతోందో ఊహించుకుంటూ పడుకున్నాను. భుజం దాటింది, గుండె దాటింది, ఇప్పుడు మెడలోకి మలుపు తిరిగింది. మెలకువో నిద్రో తెలియలేదు. కళ్లు తెరిస్తే మేడమ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. దూరంగానే ఉండాలి, ఎందుకంటే అప్పటికి వెలుగుతున్నది నేను.

"ఏందిది మేడమ్, నాకెక్కించింది?" అన్నాను.

"చక్కెరే. కొద్దిగా మార్చి, ఒక వెలిగే అణువు తగిలించారు. బాగా ఆకలిగా ఉన్న కణం దాన్ని లాక్కుంటుంది. రోగానికి ఆకలెక్కువ."

"ఆకలి అందరికుంటది కద?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని నన్ను పరీక్షగా చూశారు. "ఏం చేస్తుంటావే నువ్వు?" అన్నారు. బొటనీ చెబుతానన్నాను. ఆ రోజు నుంచి నా పేరు బొటనీ అయిపోయింది. నా అసలు పేరు ఆవిడకు గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు.

రోగం మెడ నుంచి ఛాతీలోకీ పాకిందని ఆ స్కాన్‌లో తేలింది. తర్వాత క్యాన్సర్ మందులు ఎక్కించుకుంటూ మధ్యమధ్య వెళ్లినప్పుడల్లా, ఆవిడ తీరికను బట్టి ఈ ట్రేసర్ల కథలు చెప్పేవారు. ఆవిడ చదువుకున్న రోజుల్లో చక్కెర మందు లేదు, గాలియం ఉండేది. గాలియాన్ని చూసి ఒళ్లు ఇనుమనుకుని మోసపోతుందట. నెత్తుర్లో ఇనుమును మోసుకెళ్లే కూలీయే దీన్నీ మోసుకెళ్లి లింఫోమా గడ్డలో దించుతాడు. "కానీ మహా నిదానం. సూది వేసి ఇంటికి పంపేసేవాళ్లం. రెండు మూడు రోజులాగి రమ్మనేవాళ్లం. పేగుల్లో చేరి అడ్డమొస్తుందని జులాబు కూడా ఇచ్చేవాళ్లం పాపం. బొమ్మ చూస్తే మంచులో మనిషిలా ఉండేది. అయినా ఆ మసకలోనే చచ్చిన గడ్డేదో, బతికున్న గడ్డేదో వెతుక్కునేవాళ్లం." ఇలా చెబుతున్నప్పుడు ఆవిడ ఎదురుగా ఉన్న నన్ను కాక, ఏదో పాత ఫిల్మును చూస్తున్నట్టుండేవారు.

"మరి చక్కెర మంచిదే కద, జల్ది అయిపోతది, సాఫ్‌గ కనపడతది."

"మంచిదే. గంటలో పని, కత్తిలాంటి బొమ్మ. కానీ దానికి చాడీలు చెప్పే గుణముంది. జలుబు చేసిన గ్రంథినీ చూపిస్తుంది, మానుతున్న గాయాన్నీ చూపిస్తుంది. మెదడుకి ఎప్పుడూ చక్కెరే కావాలి కాబట్టి అక్కడ రోగమున్నా ఆ వెలుతురులో కలిసిపోతుంది." ఇంకొకటి కూడా ఉందట. కణం రెండుగా విడిపోయేటప్పుడు వాడుకునే సరుకుతో చేసిన ట్రేసర్. అది తినేవాణ్ణి కాదు, ఇల్లు కడుతున్నవాణ్ణి పట్టిస్తుంది. "వీధిలో ఎవరింటి ముందు ఇసుక కుప్ప ఉందో వాడే కడుతున్నాడని తెలియదూ, అలాగ. కానీ మన ఎముకల్లో మూలుగ పగలూ రాత్రీ కొత్త నెత్తురు కడుతూనే ఉంటుంది కదా. అక్కడంతా ఇసుక కుప్పలే. రోగం వాటి వెనక దాక్కుంటే దొరకదు."

"అయితే దేన్ని నమ్మాలె మేడమ్?" అని విసుక్కున్నాను.

"ప్రతి ట్రేసర్‌కీ ఒక అబద్ధం ఉంటుందే బొటనీ. ఆ అబద్ధమేమిటో తెలిసినవాళ్లకే అది నిజం చెబుతుంది," అన్నారు. ఏదో పెద్దావిడ, పొద్దుపోక సామెతలు అల్లుకుంటోంది అనుకుని నవ్వుకున్నాను. నా ప్రాణం ఆ సామెత మీదే నిలబడుతుందని అప్పుడు నాకేం తెలుసు.

మందులన్నీ అయ్యాయి. గడ్డ చేతికి తగలడం మానేసింది. ఇక ఆఖరి స్కాన్. అది బాగుంటే చికిత్స ముగిసినట్టే. ఆ పొద్దున అమ్మ కాలనీ గుడిలో నా పేరున చక్కెర పొంగలి చేయించి, స్టీలు డబ్బాలో కట్టుకుని వచ్చింది. వేలు పొడిచి షుగర్ చూశారు, సరిగ్గా ఉంది. సూది వేశారు. కాసేపటికి బాత్రూమ్‌కని నడవలోకి వస్తే అమ్మ అక్కడే కాచుకుని ఉంది. "సూది అయిపాయె కద, ఇంకేం ఉపాసం. దేవుని ప్రసాదం, కాదనొద్దు," అంటూ పెద్ద ముద్ద నోట్లో పెట్టింది. ఇంకొకటి పెట్టింది. నెయ్యి వాసన, వేడి వేడి పొంగలి, ముందు రాత్రి నుంచి ఖాళీ కడుపు. నేనూ ఎగబడి తిన్నాను. సూదితో ఉపవాసం తీరిపోయిందనే ఇద్దరం అనుకున్నాం.

మిషన్లోంచి లేచి వస్తుంటే టెక్నీషియన్ ఆగలేకపోయాడు. "అక్కా, మేడమ్ ఇంక చూడలే గని, ఛాతిల మొత్తం సాఫ్ ఉంది!" అన్నాడు. అమ్మ అక్కడికక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నల్లగొండలోని చుట్టాలకు ఫోన్ చేసింది, మేనమామలకు చేసింది, వినేవాళ్లుంటే చాలని వాచ్‌మన్‌కూ చెప్పింది. ఆ సంబరం మధ్యలో మేడమ్ మమ్మల్ని లోపలికి పిలిచారు. ముఖంలో నవ్వు లేదు.

"ఈ స్కాన్ మీద నేను సంతకం పెట్టలేను," అన్నారు.

"ఏంది మేడమ్, మంచిగున్నదన్నరు కద!" అంది అమ్మ.

మేడమ్ తెర మా వైపు తిప్పారు. నా భుజాలు, చేతులు, తొడలు, గుండె, అన్నీ ధగధగలాడుతున్నాయి. "ఒళ్లంతా వెలుగుతోంది, చూడాల్సిన చోటు తప్ప. కడుపులో తిండి పడిందంటే కండలే ముందు లాక్కుంటాయి, చక్కెరంతా అవే తాగేశాయి. కాలేయంతో పోల్చి చూడాలి మేము, ఆ కాలేయానికే మిగల్లేదు. రోగం ఉన్నా దాని వాటా దానికి అందలేదు. ఇది శుభ్రంగా ఉండడం కాదమ్మా, కనపడకపోవడం." తర్వాత నా వంక కాక అమ్మ వంక చూసి, చాలా మెల్లగా అడిగారు. "ఏం పెట్టావమ్మా పిల్లకి? తిట్టను, చెప్పు."

అమ్మ డబ్బా బల్ల మీద పెట్టింది. మూత తీసింది. మేడమ్ ఆ పొంగలి వంక కాసేపు చూశారు. ఆ రోజు ఆఖరి పేషెంటును నేనే. చేతులు కడుక్కొచ్చి, ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నారు. "బాగుంది. ఇంకాస్త ఏలకుల పొడి పడాల్సింది," అన్నారు. "తప్పు నీది కాదమ్మా. సూది తర్వాత కూడా తినకూడదని నీకు చెప్పాల్సింది మేము. నాలుగు రోజులాగి మళ్లీ రండి."

చెయ్యి పట్టుకుని చెప్పినా అమ్మకు ఆ మంచితనం ఎక్కలేదు. ఊరంతా చెప్పుకున్న శుభవార్తను వెనక్కి లాక్కున్న మనిషిగానే మిగిలింది. "శుభం పలుకమంటే గిట్ల పలుకుతదా? దేవుని ప్రసాదానికే వంక పెడతదా?" అని ఇల్లంతా తిరుగుతూ తిట్టింది. నేనూ తక్కువ తినలేదు. చేతికందిన బతుకును ఆవిడ ఏదో పంతానికి లాక్కుందని కుమిలిపోయాను. మళ్లీ వెళ్లనన్నాను కూడా. మేడమ్ స్వయంగా ఫోన్ చేశారు. "రాకపోతే నేనే మీ ఇంటికొస్తాను బొటనీ, మీ అమ్మ చేతిలో రెండు తన్నులు తిని తీసుకెళతాను," అన్నారు. వెళ్లాం.

ఈసారి కండలు నిద్రపోతున్నట్టు నల్లగా ఉన్నాయి. రొమ్ము ఎముక వెనక, శనగ గింజంత చోట, కాలేయం కంటే గట్టిగా ఒక వెలుగు. సూదితో ముక్క తీసి చూశారు. రోగం పోలేదు, అక్కడ నక్కి కూర్చుంది. నక్కి ఉండగానే దొరికింది కాబట్టి సరిపోయిందని, ఆ మొదటి బొమ్మను నమ్మి ఇంటికి పంపి ఉంటే మళ్లీ చూసేనాటికి చేతులు దాటేదని క్యాన్సర్ డాక్టరు గారు అన్నారు. అమ్మ ఆ మాట విని వచ్చిన రోజు అన్నం తినలేదు. ఎవరినీ తిట్టలేదు కూడా.

మళ్లీ మందులు, మొదటివాటికి తాతలు. జుట్టు మళ్లీ పోయింది, నోరంతా పుండ్లు. పగలూ రాత్రీ కలిసిపోయి, మంచం మీద తేలుతున్నట్టుండేది. ఒక మధ్యాహ్నం కళ్లు తెరిస్తే మంచం పక్కన మేడమ్ కూర్చుని ఉన్నారు. నిజమో కలో తేల్చుకోలేక చూస్తుంటే, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ కొత్తగా డాక్టరైన రోజుల్లో, గాలియం స్కాన్‌కు ఒకావిడ వచ్చిందట. మందులు ఎక్కించిన కొద్దిరోజులకే స్కాన్ చేశారు. మందుల దెబ్బకు బతికున్న రోగం కూడా కొన్నాళ్లు గాలియాన్ని తీసుకోదని తెలుసు, కానీ ఆ రోజు తోచలేదు. "ఫిల్ము నల్లగా వచ్చింది. ఎగురుకుంటూ వెళ్లి, ఏమీ లేదమ్మా, హాయిగా ఇంటికెళ్లు అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది." నా దుప్పటి అంచు సర్దారు. "మళ్లీ వచ్చిందే. చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటినుంచి వెలుగును చూస్తే నాకంత భయం లేదు. చీకటిని చూస్తేనే పదిసార్లు అడుగుతాను, నువ్వు నిజమేనా అని."

ఆవిడ చెయ్యి దొరకబుచ్చుకుని అలాగే నిద్రపోయాను. లేచేసరికి అమ్మ ఉంది. మేడమ్ వచ్చారా అని అడిగితే, "ఒచ్చింది. నేను చాయ్ ఇచ్చిన, తాగింది," అని ముఖం తిప్పుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

చివరికి మళ్లీ స్కాన్ రోజు వచ్చింది. ఈసారి అమ్మ రానంది. "నేనొస్తే ఏమైతదో ఏమో, నువ్వే పో," అని గడప లోపలే నిలబడిపోయింది. నేనొక్కదాన్నే వెళ్లాను. సూది వేసి పడుకోబెట్టారు. పక్క కుర్చీలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె. మొదటిసారి. కొంగు నోట్లో కుక్కుకుని గజగజ వణుకుతోంది. "గీ సూదికి మనిషి లోపల కాలిపోతడంట కద బిడ్డా? నా మనుమరాండ్లను ఇంక చూస్తనా?" అంది. ఏం చేయను? నాకున్న భయం నాకుంది. అయినా చెప్పడం మొదలుపెట్టాను. కాలదు పెద్దమ్మా, అది చక్కెరే అన్నాను. అది ఏ దారిన పోతుందో చెప్పాను. మా క్లాసు పిల్లల వేషాలు చెప్పాను. మేడమ్ గురించి చెప్పాను. టెక్నీషియన్ తలుపు తీసి ఏదో అని వెళ్లాడు, మళ్లీ వచ్చి అన్నాడు. నేను వినే స్థితిలో లేను. గంట తిరిగేసరికి ఆమె వణుకు తగ్గి కునుకు తీసింది.

స్కాన్ అయ్యాక మేడమ్ నన్ను తన గదిలోకి రమ్మన్నారు. దీపాలు ఆర్పి ఉన్నాయి. తెర మీద నేను, నిలువెత్తున. తల నిండా వెలుగు, అది మెదడు. కింద మూత్రాశయం. మధ్యలో, మెడ దగ్గర, మొట్టమొదట గడ్డ లేచిన మెడలో, స్పష్టంగా ఒక వెలుగు. నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. కుర్చీలో కూలబడ్డాను. మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. అమ్మకు ఏమని చెప్పాలి అనుకున్నాను.

మేడమ్ మైకు బటన్ నొక్కి టెక్నీషియన్‌ను అడిగారు. "ఆ గంటా ఈ పిల్ల లోపల ఏం చేసింది?"

"ఏం జేస్తది మేడమ్, మాట్లాడింది," అని స్పీకర్లోంచి అతని గొంతు. "మాట్లాడొద్దక్కా అని రెండు మార్లు చెప్పిన. ఇంటదా? పక్క పెద్దమ్మతోని ఒకటే ముచ్చట."

మేడమ్ బొమ్మను అడ్డంగా కోసి చూశారు, నిలువుగా కోసి చూశారు. కండలు చూశారు, కాలేయం చూశారు, రొమ్ము ఎముక వెనక మసిలా ఉన్న చోట చాలా చాలాసేపు ఆగారు. అప్పుడు ఆవిడ వేలు నా గొంతు మీదికి వచ్చింది. "ఇవి గొంతు కండరాలే బొటనీ. మాట పలికించేవి, గంటసేపు పనిచేసి చక్కెర లాక్కున్నాయి. చూడు, రెండు పక్కలా ఎంత సమంగా ఉన్నాయో. రోగానికి ఇంత పద్ధతి ఉండదు. మిగతా చీకటంతా..." బొమ్మను పై నుంచి కింది దాకా ఇంకొకసారి చూశారు. "మిగతా చీకటంతా నిజమే. ఇంటికెళ్లు."

నేను లేవలేకపోయాను. ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడా లేవలేదు, దీపమూ వేయలేదు. ఆ గదిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఒక ముసలామెకు నేను చెప్పిన ధైర్యం నా గొంతులో వెలుగుతుంటే చూస్తూ ఉండిపోయాం.